ఆంగ్ల గ్రంథకర్తలు – మన విద్యార్థులు

మా మేనకోడలు చెన్నపురిలోని యొక కళాశాలలో ఆంగ్లసాహిత్యము ప్రధానవిషయముగా చదువుచున్నది. మొన్న సెలవులలో మాయింటికి వచ్చినపుడు, గోల్డుస్మిత్తును గూర్చి నీకేమి తెలియునని యడిగితిమి. ఆమె తడువుకొనకుండ చెప్పెను: ఐర్లండు దేశస్థుడు, 1774లో మరణించెను, డాక్టరు జాన్సనుగారి మిత్రమండలిలోనివాడు, ఒక నవల, రెండు నాటకములు, రెండు పేరుపడిన కావ్యములు, శైలి సరళము, హాస్యము మృదువు. అంతయు సరియే. ఆ నవలలోని మతగురువునకు బిడ్డలెందరని మరల నడిగితిమి. ఆమె నవ్వి, "అది పరీక్షకు రాదు, మామయ్యా" అనెను.

ఆ మాటకు ఆమెను మందలించుటకు మాకర్హత లేదు. మేము బి.ఏ. చదువునాడు ఈ 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు' నవలయే మాకు పాఠ్యగ్రంథముగా నుండెను. కళాశాల పేరుతో పనిలేదు. ఇతరచోట్ల చదివిన మిత్రులును ఇదే కథ చెప్పుదురు. అధ్యాపకులు నోట్సు చెప్పుచుండిరి, మేము వ్రాసికొనుచుంటిమి. పరీక్షలకు పదిదినములు ముందు బజారులో గైడు కొని, అందులోని ప్రశ్నలకు జవాబులు వల్లించితిమి. మార్కులు మంచివే వచ్చినవి. పుస్తకమును మాత్రము తెరచి చూచినవారము కాము.

పదునాలుగేండ్ల తరువాత నొకనాడు, ఒక జిల్లా న్యాయస్థానమున మా వ్యాజ్యము పిలుపునకు రాకపోగా, బార్ సంఘపు గ్రంథాలయములో నూరక కూర్చుండవలసి వచ్చెను. లా రిపోర్టుల చివర, ఏ పెద్దప్లీడరుగారి కుటుంబమువారో యిచ్చివేసిన పాతపుస్తకములు కొన్ని దుమ్ముపట్టి యుండెను. వానిలో నీ నవల కనబడెను. పాతబాకీ తీర్చుకొందమన్నట్లు తీసితిమి. సాయంకాలము నౌకరు తలుపులు వేయుటకు వచ్చువరకు లేవలేదు.

గైడు మాకు చెప్పనిదేమి? మతగురువైన డాక్టరు ప్రింరోజు ధనమంతయు ఒక వర్తకునియొద్ద నుండెను. ఆ వర్తకుడు పరారి యగుటతో ఆ కుటుంబము ఒక్క దినమున కలిమినుండి లేమికి దిగిపోయెను. అమ్మవలసిన గుఱ్ఱపుపిల్లను పెద్దకొడుకు ఇంటలేనందున రెండవవాడైన మోజెసు సంతకు తోలుకొనిపోయి, అమ్మివచ్చి, ఆ సొమ్ముతో పండ్రెండు డజనుల ఆకుపచ్చ కండ్లజోళ్ళు కొనితెచ్చెను! చట్రములు వెండివని వాని నమ్మకము; అవి రాగికి పూసిన పూత. కుఱ్ఱవాని తెలివితక్కువకు కోపగించిన తండ్రి, తరువాత రెండవ గుఱ్ఱమును తానే తీసికొనిపోయి, ఆ మోసగానిచేతనే, ఇంకను సులభముగా మోసపోయెను. ఏలయన, మోజెసునకు కండ్లజోళ్ళైనను దక్కినవి. తండ్రికి చిత్తుకాగితము మాత్రము దక్కెను. అటుపై కూతురు ఒక దుర్మార్గుని వెంట పోవుట, ఇల్లు కాలిపోవుట, అద్దె చెల్లింపలేక మతగురువు కారాగృహమున పడుట. అచ్చట నతనికి తోడు దొరకినదెవరు? సంతలో తన్ను మోసగించిన యా జెంకిన్‌సనే. మోసగించి బ్రదికినవాడును, మోసపోయి బ్రదికినవాడును ఒకే గదిలో చేరిరి. జెంకిన్‌సన్ చెప్పిన మాటలోని సారమిది: తాను చతురుడనని లోకమంతయు తెలిసికొన్నది, అందుచేత తన్నెవ్వరును నమ్మరైరి, తుదకు బీదయై చెరసాలకు వచ్చెను; మోసపోయిన పల్లెటూరివాడు మాత్రము ధనికుడయ్యెను. క్రిమినలు కోర్టులలో మేము చూచిన మనుష్యులను గూర్చి ఇంతకన్న నిజమైన మాట మఱియొకచోట చదివియుండలేదు. మా గైడులో ఈ భాగమునకెదురుగా నున్న వాక్యము, మాకిప్పటికిని కంఠస్థమే, కథయొక్క యుత్తరార్ధము నమ్మదగినదిగా లేదనుట. అదియు నొకవిధముగా నిజమే. కాని చదువనివానికి ఆ విమర్శయెందులకు?

ఒక గ్రంథకర్తను విద్యార్థికి పరిచయముచేయుట యనగా నేమి? మనయింటికి వచ్చిన చుట్టమును బిడ్డలకు చూపునపుడు, ఆయన పుట్టిన తేదీ, గోత్రము, నక్షత్రము చెప్పి ఊరకుందుమా? ఆయన ప్రక్కను కూర్చుండబెట్టుదుము. మిగిలినది ఆయనయు బిడ్డలును చూచుకొందురు. మన పాఠశాలలలో జరుగుచున్నది జాతకము చదువుట. చుట్టము వీధియరుగుమీదనే కూర్చుండిపోవుచున్నాడు.

ఈ నవల వెలుగు చూచిన వృత్తాంతమైనను పిల్లలకు చెప్పినచో, వారు పుస్తకమును తెరతురని మా నమ్మకము. బాస్వెలు వ్రాసిన జాన్సను జీవితచరిత్రలో నది యున్నది. ఒకనాటి యుదయమున గోల్డుస్మిత్తునొద్దనుండి జాన్సనునకు కబురు వచ్చెను: కష్టములో నున్నాను, వెంటనే రావలయునని. జాన్సను ముందుగా నొక గినీ పంపి, పిదప తాను పోయెను. పోయి చూడగా, అద్దె బాకీకి ఇంటియజమానురాలు గోల్డుస్మిత్తును నిర్బంధింపజేసి యుండెను. తాను పంపిన గినీతో అతడు అప్పటికే మదీరా ద్రాక్షాసారాయము కొనియుండెను! సీసాయు గ్లాసును ఎదుటనే యున్నవి. జాన్సను సీసాకు బిరడా బిగించి, ఇప్పుడు గట్టెక్కు మార్గమేదని యడుగగా, గోల్డుస్మిత్తు అచ్చునకు సిద్ధముగానున్న యొక నవల వ్రాతప్రతిని చూపెను. జాన్సను అచ్చటచ్చట చూచి, దానిని తీసికొనిపోయి ఒక పుస్తకవిక్రేతకు అరువది పౌనులకు అమ్మివచ్చెను. ఆ డబ్బుతో అద్దె తీరినది. గోల్డుస్మిత్తు ఇంటిదానిని గట్టిగా చీవాట్లుపెట్టెను. కొన్నవానికి మాత్రము ఆ పుస్తకముపై నమ్మకము లేకపోయెను. 1764లో గోల్డుస్మిత్తు వ్రాసిన 'ట్రావెలర్' అను కావ్యమునకు పేరు వచ్చిన పిమ్మట, 1766లో నవలను ప్రకటించిరి.

ఇచటనే మనకొక సంబంధము కలదు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ నవలనే తెనిగింపబూని, కొంతవ్రాసి, తృప్తిలేక విడిచి, తమ సొంతకథను ప్రారంభించిరి. అదియే రాజశేఖరచరిత్రము. 1878లో వివేకవర్ధనిలో వెలువడుచు, పిదప పుస్తకమయ్యెను. రెండు పుస్తకములను ప్రక్కప్రక్కను పెట్టి చదివినవారికి కలుగు ఆనందము వేఱు. కలిమినుండి లేమికి దిగిన గృహస్థుడు రెండింటను కలడు. మారువేషమున తిరుగు ప్రభువు రెండింటను కలడు. కారాగృహము రెండింటను కలదు. కాని ప్రింరోజును ముంచినది దూరముననున్న వర్తకుడొకడు. ధవళేశ్వరపు రాజశేఖరుని ముంచినవారు ఆయన యింటిముంగిటనే చేరిన స్తోత్రపాఠకులును, బంగారము చేసెదనని వచ్చిన బైరాగియును. పంతులుగారు గోల్డుస్మిత్తు ఇంటిని పునాదితోసహా పెకలించి గోదావరిగట్టున కట్టలేదు. ఆ యింటి నమూనా చూచి, మన యిటుకతో మన మనుష్యులకొక ఇల్లు కట్టిరి. పిదప 1887లో హచిన్‌సన్ అను ఆంగ్లేయుడు దీనిని 'ఫార్చ్యూన్స్ వీల్' అనుపేర ఆంగ్లీకరించి లండనులో ప్రకటించెను. గోల్డుస్మిత్తు చేసిన అప్పును తెలుగువాడు వడ్డీతో తీర్చినట్లైనది.

ఇది విని మా మేనకోడలు రాజశేఖరచరిత్రమును చదివెదననెను. చదువలేదు. తెలుగు అనర్గళముగా మాటాడును. అక్షరములు కూడబలుకుకొనుటయే కష్టము. ఇది యామె తప్పు కాదు. తమిళనాట 2006 నాటి శాసనమువలన పాఠశాలలలో తమిళము నిర్బంధపాఠ్యమయ్యెను. పిల్లలకు తమిళమును ఆంగ్లమును చదువునకు భాషలైనవి, తెలుగు ఇంటిమాటగా మిగిలినది. మదరాసులో మూడుతరములుగా నివసించు తెలుగుకుటుంబములలో ఈ స్థితి మాయింటిదొక్కటే కాదని పాఠకులెరుగుదురు. తమిళము నేర్చుటపై మాకు ఫిర్యాదు లేదు. కాని మన పిల్లలు స్వేచ్ఛగా చదువుకొనగలిగిన భాష ఆంగ్లమొక్కటియే యైనపుడు, ఆ ఆంగ్లమునైనను గైడులపాలు చేసినచో వారికి చదువుటయను సుఖమే లేకుండపోవును. మేమింత పట్టుబట్టి వ్రాయుటకు కారణమిదియే.

పరిచయమునకు క్రమమేది? సాహిత్యచరిత్రములు చాసరుతో నారంభించును. షేక్స్పియరు, మిల్టను, డ్రైడను వచ్చునప్పటికి సంవత్సరము గడచిపోవును, విద్యార్థి అలసిపోవును. తనకు తెలిసిన వీధి యొక్కటియు ఇంకను కనబడదు. మేము దీనిని తలక్రిందులు చేయవలయునందుము. దగ్గఱివారితో మొదలిడి దూరపువారికడకు పోవలయును.

దగ్గఱివాడనగా ఆర్. కె. నారాయణ్ కంటె ఎవరున్నారు? 1906లో ఈ మదరాసులోనే, పురసవాకమున అమ్మమ్మగారింట పెరిగినవాడు. తండ్రి మైసూరులో ప్రధానోపాధ్యాయుడు. ఆ పాఠశాల గ్రంథాలయపు పుస్తకములన్నియు కుఱ్ఱవాడు నమలివేసెను. నమిలినవాడు విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో తప్పెను. తప్పినది ఏ విషయమునందనుకొందురు? ఆంగ్లమునందు! ఆ సంవత్సరమంతయు మైసూరు చెరువుగట్లపై కూర్చుండి తనకు నచ్చిన పుస్తకములు చదువుకొనెను. పిదప వ్రాసిన 'స్వామి అండ్ ఫ్రెండ్సు' వ్రాతప్రతి పెక్కు ప్రచురణకర్తలనుండి తిరిగివచ్చెను. ఆక్సుఫర్డులోనున్న మిత్రునకు, దానికి రాయికట్టి థేమ్సు నదిలో పారవేయుమని వ్రాసెనట. ఆ మిత్రుడు మాట వినక గ్రాహం గ్రీనుకు చూపెను. 1935లో అది లండనులో ప్రకటింపబడెను. లెక్కలలో మామిడిపండ్ల ధరనడుగగా, పండ్లు పండినవా కాదాయని చింతించు స్వామినాథుని చూచి నవ్వని పదునాలుగేండ్ల బాలుడుండడు. ఈ పుస్తకము పూర్తిచేసినవాడు, ఆంగ్లము పరదేశపు మాటయని భయపడుట మానును. అంత పని అయినపిదప గోల్డుస్మిత్తును పిలువవచ్చును.

డికెన్సును గూర్చి ఒక్కమాట. పండ్రెండేండ్లవాడై బూటుపాలిషు కర్మాగారములో సీసాలకు చీటీలు అంటించినవాడు; తండ్రి అప్పులకై 1824లో మార్షల్సీ చెరసాలలో నుండెను. పదునైదవయేట న్యాయవాదుల ఆఫీసులో గుమాస్తాగా చేరి, పిదప సంక్షిప్తలేఖనము నేర్చి కోర్టులలోను పార్లమెంటులోను విలేఖరియయ్యెను. మా రెండు వృత్తులును ఆయనను మావాడని చెప్పుకొనవచ్చును. కాని 'బ్లీక్ హవుస్' చదివినపిదప ఆయన మమ్ము తనవారనునాయని సందేహము. అందులోని చాన్సరీ వ్యాజ్యము తరములు నడచి, తుదకు ఆస్తియంతయు ఖర్చులకే సరిపోవుటతో ముగియును. 1853లో ముగిసిన నవల యది. వాయిదాలకై కాచుకొన్న మా కక్షిదారులు దానిని చదువకుండుట మాకు మేలే!

ఇక మేము పిల్లలకు తప్పక చూపవలయునని తలచునది చార్లెసు లాంబు. మా తండ్రిగారు మూర్ మార్కెట్టులోని పాతపుస్తకముల అంగడిలో కొనిన 'టేల్సు ఫ్రమ్ షేక్స్పియరు' మాయొద్ద నేటికిని కలదు. ఆ మార్కెట్టు 1985లో కాలిపోయెను, అట్ట ఊడిన యీ పుస్తకము మాత్రము నిలిచినది. షేక్స్పియరును పిల్లలకు కథలుగా చెప్పిన పుస్తకమని అందరు నెఱుగుదురు. దానిని వ్రాసినవారెవరో చెప్పువారు తక్కువ.

లాంబు 1775లో లండనులోని ఇన్నర్ టెంపుల్‌లో, అనగా న్యాయవాదుల నివాసములలోనే పుట్టెను. తండ్రి యొక పెద్ద న్యాయవాదికి గుమాస్తా. నత్తిచేత పై చదువునకు పోలేక, 1792లో ఈస్టిండియా కంపెనీవారి లెక్కల విభాగమున గుమాస్తాగా చేరెను. లెడెన్‌హాల్ వీధిలోని ఆ భవనమునుండియే కంపెనీ డైరెక్టర్లు మన మదరాసును, మచిలీపట్టణమును, ఉత్తర సర్కారులను ఏలుచుండిరి. ఈ దేశమునుండి పోయిన సరకుల లెక్కలు వ్రాసిన చేయియే ఇంగ్లీషులో నంత ముద్దైన వ్యాసములను వ్రాసెను. ముప్పదిమూడేండ్లు ఆ పని చేసెను. తన నిజమైన గ్రంథములు కంపెనీవారి బీరువాలలో నున్నవని తానే పరిహాసమాడుచుండెను.

1796 సెప్టెంబరులో, అతనికి ఇరువదియొక యేండ్లప్పుడు, అక్క మేరీ ఉన్మాదావేశమున తల్లిని కత్తితో పొడిచి చంపెను. విచారణలో నది మతిభ్రమచే జరిగినదని తేలెను. ఆమెను జీవితాంతము ఆశ్రమములో నుంచుటయే మేలని చెప్పినవారు ఇంటిలోనే యుండిరి. తమ్ముడు ఒప్పుకొనక, ఆమె భారము తనదని పూచీపడి ఇంటికి తెచ్చుకొనెను. పెండ్లియాడలేదు. ఆ జబ్బు నడుమనడుమ మరలివచ్చుచుండెను. వచ్చుసూచన తెలియగానే అక్కయు తమ్ముడును చేయి చేయి పట్టుకొని, కన్నీళ్ళతో ఆశ్రమమునకు నడచిపోవుచుండగా చూచినవారు కలరు. నయమైనప్పుడు మరల నింటికి వచ్చుచుండెను. ఇట్లు మధ్యమధ్య దొరకిన మంచిదినములలో, ఒకే బల్లకడ కూర్చుండి, వారిద్దరును ఆ కథలను వ్రాసిరి. ఇరువది నాటకములలో పదునాలుగింటిని మేరీయే వ్రాసెను. చార్లెసు వ్రాసినవి ఆఱు, ప్రధానముగా విషాదాంతములు. 1807లో పుస్తకము వెలువడినపుడు ముఖపత్రముపై చార్లెసు పేరు మాత్రమే యుండెను.

మేము చదివిన ఏ పాఠ్యగ్రంథమునను ఈ విషయము లేదు. పిల్లలకు చెప్పదగిన సంగతి కాదనువారుందురేమో. మా యభిప్రాయము వేఱు. కళాశాలకు వచ్చిన విద్యార్థికి తన బంధువర్గములోనే మనోవ్యాధిచే బాధపడువారొక్కరైనను తెలిసియే యుందురు. వారిని గూర్చి ఇంటిలో గుసగుసలే గాని మాటలు వినియుండడు. మేరీ లాంబు ఎట్టిదో తెలిసినవానికి, ఆ పదునాలుగు కథలలోని ప్రసన్నత ఎంత వెలపెట్టి కొన్నదో తెలియును. 1825లో విశ్రాంతి పొందిన చార్లెసు 1834లో మరణించెను. మేరీ మఱి పదుమూడేండ్లు జీవించెను.

జాన్సనును చివరకు పిలువవలయును. ఆయన పెద్దవాడు, పిల్లలు జడియుదురు. ధనములేక ఆక్సుఫర్డును నడుమనే విడిచినవాడు, ఆఱుగురు లేఖకుల సాయముతో తొమ్మిదేండ్లలో నలువదివేలకు పైగా పదములకు అర్థములు వ్రాసి 1755లో నిఘంటువును ముగించెను. మఱుసటి సంవత్సరమే అప్పునకై నిర్బంధింపబడగా, నవలాకర్తయైన రిచర్డుసన్ ఆఱు గినీలు పంపి విడిపించెను. 1759లో తల్లి యంత్యక్రియల ఖర్చులకై 'రాసెలాసు' కథను ఒక వారములోని సాయంకాలములలో వ్రాసెను. మదీరా సీసాకు బిరడా బిగించిన చేయి ఇట్టిది. తనకు తెలిసిన కష్టము కనుకనే ఆ యుదయమున మందలింపక, వ్రాతప్రతిని చంకబెట్టుకొని బయలుదేరెను.

అధ్యాపకమిత్రులు మామీద కోపపడుదురు. తరగతిలో అరువదిమంది, పాఠ్యప్రణాళిక ముందే నిర్ణయింపబడినది, సమయము లేదు. వారి కష్టమును మేము కాదనము. వారికి చేయ వీలుకానిదానిని వారినెత్తిన రుద్దము. కాని ఈ పత్రికను చదువు ప్లీడర్లకు, వైద్యులకు, ఇంజనీర్లకు, ఆడిటర్లకు ఆదివారమున్నది. పుస్తకముల కొఱతయా? ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయము 1896నుండి తెరచియే యున్నది. కావలసినది, ఇంటిలో పెద్దవారొక్కరు బిగ్గఱగా చదువుట. మనలో పెక్కురమీ పుస్తకములకు నోట్సు చదివి మార్కులు తెచ్చుకొన్నవారమే. బిడ్డలతో కలిసి చదువుటకు సిగ్గుపడనక్కఱలేదు.

మాయింట నీ పని మొదలైనది. ఆదివారము మధ్యాహ్నము మేము రాజశేఖరచరిత్రము చదువుదుము, మేనకోడలు వినును. రాత్రికి ఆమె తన గదిలో గోల్డుస్మిత్తును చదువుకొనును. రెండవవారమున మాకిద్దరికి తగవు వచ్చెను. గుఱ్ఱమమ్మిన తండ్రికంటె కండ్లజోళ్ళు కొన్న కొడుకే తెలివిగలవాడని యామె వాదము. వస్తువైనను ఇంటికి తెచ్చెను గదా యనును. మేము రాజశేఖరుని బైరాగిని సాక్ష్యమునకు పిలిచితిమి. తీర్పు ఇంకను వాయిదాలోనే యున్నది. మతగురువునకు బిడ్డలారుగురని మాత్రము ఆమె మాకడుగకుండనే చెప్పినది.